కుర్చీల ఆల్బం

కళ్లద్దాల దుకాణం పైగదికి వెళ్లే మెట్ల దగ్గర ఒక కుళాయి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆ మెట్లెక్కే ప్రతివాళ్లూ అక్కడ సబ్బుతో చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, అప్పుడే పైకి రావాలి. పైన ఒక పాత సోఫా, నిలువెత్తు స్పీకర్లు రెండు, మధ్యలో రికార్డ్ ప్లేయర్, ఎదురుగా గోడకి కంటి పరీక్ష చేసే అక్షరాల పట్టిక. పాట మొదలయ్యాక ఎవరూ నోరు విప్పకూడదు. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అందరూ ఆ పట్టికనే చూస్తారు. చూసి చూసి చిట్టచివరి వరుస కూడా అందరికీ కంఠతా వచ్చేసింది. దాంతో వాళ్లలో ఎవరికి చూపు తగ్గిందో కనిపెట్టడం అద్దాలాయనకి కూడా కుదరడం లేదు.

వచ్చేది నలుగురే. గదీ, దుకాణమూ, నియమాలూ అన్నీ అద్దాలాయనవి. బేకరీ ఆయన వచ్చాడంటే ఆయన కంటే ముందు వెనిల్లా వాసన వస్తుంది. హైస్కూల్లో భూగోళం చెప్పే టీచరమ్మ, డ్రమ్స్ ఎంత ఉధృతంగా మోగినా కాలి బొటనవేలు తప్ప ఏదీ కదపదు. నాలుగో మనిషి కోట్లు కుట్టే టైలరు, అందరూ కత్తెర మామ అంటారు. ఆయన మాట్లాడేది తక్కువ. ఎవరైనా మాట్లాడితే వాళ్ల ముఖంలోకే చూస్తూ ఉంటాడు. పాట పెట్టగానే కళ్లు మూసుకుని, అరచెయ్యి స్పీకరు చెక్క మీద ఆనించి, రికార్డు అయ్యేదాకా అలాగే కూర్చుంటాడు. ఆయన్ని చూస్తే మిగతా ముగ్గురికీ సిగ్గేసేది. వినడమంటే మామదే, మనం వినేదీ ఒక వినడమేనా అని చెప్పుకునేవాళ్లు.

వాళ్లు వినేది పాత రాక్ సంగీతం. కొత్త ఆల్బం ఏదైనా దొరికితే, దొరికినవాళ్లు ముందు తమ ఇంట్లో ఒంటరిగా వింటారు. దాన్ని తొలి వినికిడి అంటారు. ఆ తర్వాత రికార్డు వంతులవారీగా, తలా ఒక వారం, మిగతావాళ్ల ఇళ్లకి వెళుతుంది. రికార్డు అరువిస్తే దాంతోపాటు ఇచ్చినవాళ్ల తొలి వినికిడి కూడా వెళ్లిపోతుంది. తీసుకున్నవాళ్లు ఎన్నిసార్లు పెట్టినా ఇచ్చినవాళ్ల చెవులతోనే వింటారు. ఆ రోజు ఆ గదిలో ఏం వినిపించిందో అదే వినిపిస్తుంది. ఇచ్చినవాళ్లకి మాత్రం, రికార్డు తిరిగొచ్చేదాకా, తాము విన్నదేదీ గుర్తుండదు. ఆ విన్నదాని వల్ల పడిన బాధగానీ సంతోషంగానీ కూడా ఉండదు. అరువంటే అదే కదా.

అందుకే తొలి వినికిడి విషయంలో వాళ్లకి అంత పట్టింపు. టీచరమ్మ ఆల్బం ఒకదానిలో పక్కింటి కుక్క పడింది. ఆ ఆల్బం ఎవరు తీసుకెళ్లినా మూడో పాటలో కుక్క మొరుగుతుంది. బేకరీ ఆయన కుర్రతనంలో ఒక ఆల్బం వింటూ వింటూ పక్కనున్న అమ్మాయిని పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాడు. ఆ రికార్డు ఎవరికైనా ఇచ్చాడంటే ఆ వారమంతా, మన పెళ్లి ఎవరు కుదిర్చారే అని భార్యని అడుగుతూ తిరుగుతాడు. ఇక ఆ రికార్డు గడప దాటడానికి వీల్లేదని ఆవిడ తేల్చి చెప్పేసింది. ఇంకొకటి కూడా ఉంది. అరువు తెచ్చుకున్నవాళ్లు పాట గురించి ఎంతైనా మాట్లాడొచ్చు గానీ, అందులో పడ్డ గది గురించి మాట్లాడకూడదు. అది మర్యాద.

అద్దాలాయన ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నది కుర్చీల ఆల్బం. అట్ట మీద జుట్టు పెంచుకున్న నలుగురు కుర్రాళ్లు తలల మీద కుర్చీలు పెట్టుకుని ఏరు దాటుతూ ఉంటారు. వాళ్లు చేసింది ఆ ఒక్క ఆల్బమే, దాన్ని అచ్చువేసిన చిన్న కంపెనీ ఆ ఏడే మూతపడింది. మొదటి వైపు ఆఖర్లో వచ్చే గిటార్ సోలో గురించి, విన్నవాళ్లని చూసినవాళ్లు కూడా గొప్పగా చెప్పుకునేవాళ్లు. అలాంటిది ఒక పాత సామాన్ల కొట్లో, పటాల ఫ్రేముల కింద, చిన్న గీత కూడా లేకుండా దొరికింది. అద్దాలాయన అది చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తూ దారిలో ఎవరు పలకరించినా పలకలేదు.

దుకాణం సెలవు రోజున ఇంట్లో ఏర్పాట్లు మొదలుపెట్టాడు. భార్యని వాళ్ల చెల్లెలింటికి పంపేశాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. కిందటిసారి అడిగితే గంటసేపు చెప్పాడు. గోడగడియారం బ్యాటరీ తీసేశాడు, ఫ్రిజ్ ఆపేశాడు, కాలింగ్ బెల్లు వైరు పీకేశాడు. వరండాలో అడుగుల చప్పుడు లోపలికి రాకుండా తలుపు కింద దుప్పటి మడిచి కుక్కాడు. ఆ దుప్పటి మందం వల్ల తలుపు పూర్తిగా పడలేదనీ, గొళ్లెం అందుకోలేదనీ ఆయన చూసుకోలేదు. సూది దించి, సోఫాలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

ముందు ఆర్గన్ ఒక్కటే వచ్చింది. దాని కిందికి బేస్ గిటార్ మెల్లగా చేరుతోంది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"బాబాయ్, ఉన్నారా? బెల్లు పాడైనట్టుంది. వెళ్లేటప్పుడు చూస్తాలెండి, నిమిషం పని."

కత్తెర మామ కూతురు. లిఫ్టులు బాగుచేసే పని ఆమెది. భుజాన పనిముట్ల సంచి, మోచేతుల దాకా గ్రీజు. వేలు పట్టుకుని ఆమె కూతురు. అయిదేళ్ల ఆ పిల్లని ఇంట్లోనూ వీధిలోనూ పిడుగు అనే పిలుస్తారు.

అద్దాలాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచి వద్దంటే తన గొంతు కూడా పడుతుంది. మధ్యలో సూది లేపితే తొలి వినికిడి అక్కడితో తెగిపోతుంది, ఇక ఎన్నటికీ అతకదు. మూతి మీద వేలు పెట్టి చూపించాడు.

"పంటి నొప్పా బాబాయ్? ఊళ్లో అందరికీ ఇదే గోల."

రెండు చేతులూ ఊపి బయటికి చూపించాడు.

"ఏం పర్లేదు, ఇక్కడే కూర్చుంటాం," అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరడిగిన తొడుగు నాన్న కుట్టేశాడు. రికార్డు గీసుకుపోకుండా లోపల మెత్తటి గుడ్డ వేశాడు. ఈరోజే ఇచ్చి రమ్మన్నాడు."

తొడుగు ఇచ్చేసింది, కానీ లేవలేదు. అద్దాలాయన గుడ్లప్పగించి ఆమెనే చూస్తున్నాడు, ఒక్క మాటా అనడం లేదు. ఆమె రోజంతా లిఫ్టు గుంతల్లో దిగి పైనున్నవాళ్లకి వినపడేలా అరిచే మనిషి. ఇంటికెళ్తే వినేవాళ్లు లేరు. మధ్యలో అడ్డు తగలకుండా ఒక మనిషి తనని ఇలా వింటూ కూర్చోవడం ఆమెకి ఎన్నాళ్లకో దొరికింది.

"మీకొక మాట చెప్పాలి బాబాయ్. నాన్నకి వినపడదు. ఆరేళ్లు దాటింది. ఒక్క ముక్క వినపడదు. డాక్టర్లు చేతులెత్తేశారు, మిషన్ పెట్టినా లాభం లేదన్నారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. మీ దగ్గర రికార్డు అరువు తెచ్చుకున్న వారం మాత్రం మీ చెవులతో వింటాడు. ఆ వారం మనిషి మనిషిలా ఉంటాడు."

అద్దాలాయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. స్పీకరు మీద ఆనించిన అరచెయ్యి ఆయన కళ్ల ముందు కనబడింది. ఆ మనిషి ఆరేళ్లుగా ఒక్క కొత్త ఆల్బమూ కొనలేదు. ఉన్నవాటితో తృప్తిపడే గుణం అనుకుని ఇన్నాళ్లూ మెచ్చుకున్నారు.

రెండో పాట మొదలైంది. ఆమె చెప్పుకుపోతూనే ఉంది. "నాతో ఎలాగో మాట్లాడతాడు. దీనితోనే వచ్చింది చిక్కంతా. ఇది నిలకడగా నిలబడదు, నోట్లో వేళ్లు పెట్టుకుని మాట్లాడుతుంది. ఏమందో ఆయనకి తెలియదు. తెలియలేదని చెప్పడానికి మొహమాటం. అందుకని అటు తిరిగి కూర్చుంటాడు. ఇది పుట్టాక దీని గొంతు ఒక్కసారి కూడా వినలేదు కదా. ఇదేమో తాతకి నేనంటే పడదు అనుకుంటోంది."

"పడదు," అంది పిడుగు. "పిలిస్తే అటు తిరుగుతాడు."

"చూశారా? అందుకే నెలాఖరుకి వేరే ఊళ్లో పని కుదుర్చుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఇది ఇలా అనుకుంటూ పెరగడం నేను చూడలేను. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా, నెమ్మదిగా చెప్పాలి కదా ఆ మాట. నా వల్ల కావడం లేదు బాబాయ్."

ఆమె తల వంచి, గ్రీజు అంటని భుజానికి కళ్లు తుడుచుకుంది. అద్దాలాయనకి ఏదో అనాలనిపించింది. అనలేకపోయాడు.

అప్పుడు సోలో మొదలైంది. మిగతా వాద్యాలన్నీ తగ్గిపోయి గిటార్ ఒక్కటే పైకి లేచింది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన సోలో, విన్నవాళ్లు చెప్పినదానికంటే బాగుంది. పిడుగు కుర్చీ ఎక్కి నిలబడి ఆయన ముఖంలోకి చూసింది.

"నువ్వు కూడా మాట్లాడవా? మా తాత లాగానా? నేను బాగానే పిలుస్తాను. ఎంత గట్టిగా పిలుస్తానో చూడు. తాతా... తాతా..."

ఒళ్లంతా గొంతు చేసుకుని పిలిచింది. గిటార్ పైకి పోతే ఆ పిల్ల ఇంకా పైకి పోయింది. సోలో మొదలు నుంచి చివరిదాకా ఒక్క ముక్క కూడా వదలకుండా తాతా తాతా అని పిలుస్తూనే ఉంది. అయిపోయాక కుర్చీ దిగి, "ఇంత గట్టిగా పిలిచినా పలకడు," అంది.

"సరే బాబాయ్, మీ పన్ను చూపించుకోండి," అని మామ కూతురు లేచింది. వెళుతూ వెళుతూ బెల్లు వైరు కలిపి, పనిచేస్తోందో లేదో అని ఒకసారి నొక్కి చూసింది. ఆఖరి స్వరం సన్నగా కరిగిపోతున్న చోట బెల్లు గణగణ మోగింది.

సూది తనంతట తానే లేచి పక్కకి వెళ్లింది. అద్దాలాయన కదల్లేదు. రెండు దెబ్బల్లో ఏది పెద్దదో ఆయనకి అంతుపట్టలేదు. రెండో వైపు వినడానికి చాలాసేపటిదాకా మనసు రాలేదు.

ఆదివారం పైగదిలో విషయం చెప్పాడు. "గది చప్పుడు పడింది."

బేకరీ ఆయన తెచ్చిన రొట్టెల పొట్లం విప్పబోయి ఆగిపోయాడు. "ఎంత పడిందన్నా?"

"మొదటి వైపు మొత్తం."

"సోలో?" అంది టీచరమ్మ, చాలా చిన్న గొంతుతో.

"సోలో మీద కూడా."

టీచరమ్మ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. బేకరీ ఆయన ఎవరో పోయినట్టు తల వంచుకు కూర్చున్నాడు. చివరికి ఆయనే, "పోనీ, రెండో వైపు వింటాంలే. ముందు వంతు నాది కదా, ఇవ్వన్నా," అన్నాడు.

"కాదు. ముందు మామ తీసుకెళ్తాడు," అన్నాడు అద్దాలాయన.

వంతులు పెట్టినవాడే వంతు తప్పడం వాళ్లకి ఇదే మొదలు. బేకరీ ఆయన కాస్త నొచ్చుకున్నాడు గానీ టీచరమ్మకి నిజంగా కోపం వచ్చింది. "పాడైపోయినదాన్ని పట్టుకెళ్లి, మనలో అందరికంటే బాగా వినే మనిషి చేతిలో పెడతారా? ఆ చెవులకి ఎంత అన్యాయం అండీ అది?"

"అందుకే ఆయనకి ఇస్తున్నాను," అన్నాడు అద్దాలాయన. గదిలో పడ్డది మామ గుట్టు కాబట్టి అంతకంటే ఏమీ అనలేకపోయాడు.

లేచి వెళ్లి మామకి ఎదురుగా నిలబడ్డాడు. అట్టని రెండు చేతులతో పట్టుకున్నాడు. చప్పుళ్ల కింద అణిగిపోయినా ఆ సోలో ఆయన మనసులోంచి కదలడం లేదు. ఇచ్చేస్తే అదీ పోతుంది, ఎందుకిచ్చాడన్నదీ, ఇస్తూ ఏమన్నాడన్నదీ పోతాయి. ఈ సంగతి తెలిసే, మామ ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చెప్పాడు.

"వారమని ఏం లేదు మామా. నీకిష్టమైనన్నాళ్లు ఉంచుకో. రేపు నేనే వచ్చి అడిగినా ఇవ్వొద్దు."

మామ ఆయన పెదాలకేసి చూశాడు, తర్వాత కళ్లకేసి చూశాడు. రికార్డు అందుకున్నాడు. బరువు చేతులు మారగానే అద్దాలాయన ఖాళీ చేతులు చూసుకుని, ఏదో అడగబోయి మరిచిపోయినవాడిలా వెళ్లి తన చోట కూర్చున్నాడు.

కత్తెర మామ కుట్టుపని గదిలో పెద్ద బల్ల, దాని మీద సుద్దముక్కలు, సగం కత్తిరించిన ఒక కోటు. బల్ల కింద పిడుగు కూర్చుని రాలిపోయిన గుండీలు ఏరుకుంటోంది. ఆ పిల్ల ఆయన్ని పలకరించడం మానేసి చాలా రోజులైంది. ఆయన రికార్డు పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆర్గన్ వచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో చెవుల్లోకి చప్పుడు దిగుతుంటే మామ ఒళ్లు వదులుచేసుకుని కూర్చున్నాడు. బేస్ గిటార్ చేరుతుండగా తలుపు చప్పుడు, ఆ వెనకే కూతురి గొంతు వినపడ్డాయి. మామ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆయన ఆఖరిసారి విన్నప్పుడు ఆ గొంతు ఇలా లేదు. బొంగురుపోయింది, అలిసిపోయింది. నాన్నకి వినపడదు బాబాయ్, అంటోంది. ఒట్టు తప్పిందని కోపంతో సూది లేపడానికి చెయ్యి చాపాడు.

అంతలో ఇంకో గొంతు వచ్చింది. "పడదు. పిలిస్తే అటు తిరుగుతాడు."

మామ చెయ్యి అలాగే ఉండిపోయింది. మనవరాలిది సన్నటి, గంట లాంటి గొంతు అని ఆయన ఎప్పుడో ఊహించి పెట్టుకున్నాడు. ఇది సన్నటిది కాదు. మొద్దుగా, గరగరలాడుతూ, దబాయించే గొంతు. ఇంత గొంతు ఇంట్లో తిరుగుతుంటే ఇన్నాళ్లూ తను దానికి వీపు చూపించాడు. నెలాఖరుకి వెళ్లిపోతున్నామన్న మాట కూడా వచ్చింది. ఆ దెబ్బకి ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత గిటార్ లేచింది, దాని మీదికి ఆ పిలుపు లేచింది. తాతా. తాతా.

"ఓయ్," అన్నాడు మామ. "ఓయ్. ఇక్కడే ఉన్నానమ్మా."

బల్ల కింద గుండీలు జారి చెల్లాచెదురయ్యాయి. పిడుగు బయటికి పాక్కుంటూ వచ్చి నిలబడింది. బిత్తరపోయి నిలబడింది కాబట్టి కదల్లేదు. నోట్లో వేళ్లు లేవు. ఆమె పెదాలు ఆయనకి స్పష్టంగా కనబడ్డాయి.

"నేను పిలవలేదు కదా," అంది.

"పిలిచావు. నేనే ఆలస్యంగా పలికాను," అన్నాడు మామ.

సాయంత్రం కూతురు పని నుంచి వచ్చేసరికి పిల్ల కుట్టుబల్ల మీద కూర్చుని ఉంది. ఆయన దానికి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, దాని చేతులు రెండూ తన చేతుల్లో పట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి కబుర్లు చెప్పించుకుంటున్నాడు. రికార్డు పక్కన తిరుగుతూనే ఉంది. కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నెలాఖరుకి ఎక్కడికీ వెళ్లొద్దు," అన్నాడు మామ, పిల్ల పెదాల మీద అమ్మ అన్న మాట చూసి, తల తిప్పకుండానే.

ఆమె భుజం మీది సంచి దభాలున కింద పడింది. పిడుగు ఒక చెయ్యి విడిపించుకుని తాత భుజం తట్టి చూపించాక గానీ ఆయన ఆమె వైపు తిరగలేదు.

"నీకెవరు చెప్పారు నాన్నా?"

"నువ్వే చెప్పావు. గొంతు అంత బొంగురుపోయిందేంటే? లిఫ్టుల్లో అరవడం కాస్త తగ్గించు."

ఆమె గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని, ఏడుపో నవ్వో తెలియకుండా చాలాసేపు ఉండిపోయింది. వేరే ఊళ్లో పని వద్దని మర్నాడే కబురు పంపింది.

వారం దాటింది, ఇంకో వారం దాటింది. రికార్డు తిరిగి రాలేదు. ఇలాంటి ఘోరం ఆ పైగదిలో ఎప్పుడూ జరగలేదు. బేకరీ ఆయన పోరు పడలేక అద్దాలాయన మామ ఇంటికి బయల్దేరాడు. ఆ ఆల్బం కోసం ఇరవై ఏళ్లు తిరగడం ఆయనకి గుర్తుంది, అది దొరకడం గుర్తుంది, తలుపు కింద దుప్పటి కుక్కడం గుర్తుంది. విన్నదేమిటో మాత్రం ఒక్క స్వరం కూడా గుర్తు లేదు. తలుపు పిడుగు తీసింది.

"మీ తాత ఉన్నాడా?" అన్నాడు.

పిడుగు నోరు తెరిచి ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకు మాటలొచ్చా?" అంది.

ఆయన తెల్లబోయాడు. లోపల మామ మర్యాదగా కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, అడిగింది చివరిదాకా చూసి, "ఇవ్వను. నువ్వు అడిగినా ఇవ్వొద్దని నువ్వే చెప్పావు," అన్నాడు.

"నేనా?"

"నువ్వే."

మామ అబద్ధమాడే మనిషి కాదు. అద్దాలాయన బుర్ర గోక్కుంటూ ఇంటికొచ్చి, బెల్లు లేదు కదా అని తలుపు తట్టాడు. బెల్లు ఉండగా తలుపు బాదుతారేంటని భార్య విసుక్కుంది. నొక్కి చూశాడు. గణగణ మోగింది. తను పీకిన వైరు ఎవరు కలిపారో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం మామ పైగదికి పిడుగుని వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్నపిల్లని తేవడమేంటని టీచరమ్మ గతుక్కుమంది గానీ, ఆ పిల్ల చేతులు కడుక్కునే వచ్చింది కాబట్టి అనడానికి ఏమీ దొరకలేదు. బేకరీ ఆయన మాత్రం ఊరుకోలేదు. ఇరవై ఏళ్లు వెతికిన ఆల్బం అలా వదిలేస్తావా అన్నా, అదెలా ఉందో నీకే గుర్తు లేదు, ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అన్నాడు.

"పోనీలే, ఉంచుకోనీ," అన్నాడు అద్దాలాయన రికార్డు తుడుస్తూ. "అది మామ దగ్గర ఉండటమే న్యాయం. మనందరిలోకీ చెవులున్నది ఆయన ఒక్కడికే."

మామకి ఆ మాట వినపడలేదు. ఆయన కళ్లు పిడుగు పెదాల మీద ఉన్నాయి.